రాతికి పువ్వు, చెట్టుకు తామర: లైకెన్ అనే మాట వెనుక కథ

ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు లైకెన్ అంటే ఒక జంటజీవి. నీటి పాచిలాంటి శైవలం ఒకటి, బూజు, పుట్టగొడుగుల కోవకు చెందిన శిలీంధ్రం ఒకటి, రెండూ కలిసి ఒకే ఒంటితో బతుకుతాయని పుస్తకంలో రెండు పేరాలుంటాయి. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లకు అదే మాట వేరే రకంగా ఎదురవుతుంది. మణికట్టు మీద ఊదారంగులో, పైభాగం చదునుగా, విపరీతంగా దురదపెట్టే పొక్కులు లేస్తే చీటీ మీద ‘లైకెన్ ప్లేనస్’ అని రాస్తారు. ఇంటికొచ్చి ఫోన్‌లో లైకెన్ అని వెతికితే రాళ్ల మీద, చెట్ల మీద పెచ్చులు పెచ్చులుగా పెరిగే బూడిదరంగు జీవుల ఫొటోలు వరసగా వస్తాయి. ఒంటి మీద నాచు మొలుస్తోందేమోనని టెన్షన్ పడటంలో ఆశ్చర్యం లేదు.

అలాంటి భయం అక్కర్లేదు. లైకెన్ ప్లేనస్‌లో శైవలమూ లేదు, శిలీంధ్రమూ లేదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పొరబడి సొంత చర్మకణాల మీద పడటం వల్ల వచ్చే జబ్బు అది. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మరి రెండింటికీ ఒకటే పేరు ఎలా వచ్చింది? చెట్టు మీది లైకెన్‌లా కనిపిస్తుంది కాబట్టి జబ్బుకు ఆ పేరు పెట్టారని ఎవరైనా అనుకుంటారు. మాట పాత రాతల్లో ఎక్కడెక్కడ దొరుకుతుందో చూస్తే వరస తిరగబడుతుంది. ముందు కనిపించేది జబ్బు. చెట్టు మీది జీవికి ఆ పేరు తర్వాతే తగులుకుంది. ఆ తగులుకోవడం వల్ల దాని మీద పడిన నింద ఈనాటికీ పూర్తిగా పోలేదు.

మాట గ్రీకుది. పాత గ్రీకులో దాని రూపం ‘లెయ్‌ఖేన్’. క్రీస్తుపూర్వం 458లో ఏథెన్స్‌లో ఆడిన ఎస్కిలస్ నాటకత్రయం ‘ఒరెస్టెయా’లో ఇది రెండు చోట్ల వస్తుంది. మొదటిచోట ఒరెస్టిస్ మాట్లాడుతుంటాడు. తండ్రిని చంపినవాళ్ల మీద పగ తీర్చుకోకపోతే ఏ గతి పడుతుందో అపోలో దేవుడు ముందే చెప్పాడట: లెయ్‌ఖేన్‌లు మాంసం మీదికి ఎక్కి, క్రూరమైన దవడలతో కొరుక్కు తింటూ, ఒంటి పూర్వపు తీరునే లేకుండా చేస్తాయట. రెండోచోట, ఆఖరి నాటకంలో, అవమానపడ్డ ప్రతీకార దేవతలు ఏథెన్స్ నేల మీద విషం చిందిస్తామని బెదిరిస్తారు. ఆ విషంలోంచి లెయ్‌ఖేన్ లేస్తుందట. అది పాకిన చోట ఆకు మొలవదు, బిడ్డ పుట్టదు. ఒకే నాటకత్రయంలో ఈ మాట మనిషి చర్మం మీది నుంచి నేల మీదికి దాటేసింది. రెండు చోట్లా దాని పని ఒకటే, పాకుతూ పోయి, కూర్చున్న చోటును తినేయడం. హిపోక్రాటిస్ పేరుమీద చెలామణీ అయిన వైద్యగ్రంథాల్లోనూ పొట్టు రాలుతూ పాకే చర్మపు మచ్చలకు ఇదే పేరు. మన వాడుకలో తామర అంటామే, ఆ కోవకు చెందిన మచ్చలన్నీ స్థూలంగా అందులోకి వచ్చేవి.

ఈ మాట ఎక్కడి నుంచి పుట్టిందన్నదానికి నిఘంటుకారులు ‘బహుశా’ అని చేర్చి చెప్పే జవాబు ఒకటుంది: నాకడం అనే అర్థమున్న ‘లెయ్‌ఖో’ అనే క్రియ నుంచి. చుట్టూ నాక్కుంటూ పోయేది లెయ్‌ఖేన్. తామర మచ్చను గమనించినవాళ్లకు ఈ ఊహ ఎంత సరిగ్గా అతుకుతుందో తెలుస్తుంది. మచ్చ నడుమ మానుతున్నట్టు కనిపిస్తుంది, అంచు మాత్రం ఎర్రగా బయటికి జరుగుతూ ఉంటుంది. రోజురోజుకూ చుట్టూ ఉన్న చర్మాన్ని ఏదో నాలుకతో నాకుతున్నట్టే ఉంటుంది. చెట్టు బెరడు మీది లైకెన్ కూడా చాలాసార్లు ఇలాగే గుండ్రంగా, అంచుల దగ్గర ఎదుగుతూ వెడల్పవుతుంది. పోలిక కుదరడానికి ఆ గుండ్రని అంచు చాలు.

ఈ గ్రీకు క్రియకు తెలుగువాళ్ల ఇంట్లో చుట్టం ఉంది. సంస్కృతంలో ‘లిహ్’ అనే ధాతువుకు నాకడమని అర్థం, అందులోంచి వచ్చిందే లేహ్యం. చ్యవనప్రాశ లేహ్యం సీసాలోంచి చెంచాతో తీసుకుని చప్పరించే ప్రతి ఇంట్లోనూ ఆ ధాతువు నలుగుతూనే ఉంది. భక్ష్య భోజ్య లేహ్య చోష్య పానీయాలని విందు భోజనాన్ని వర్ణించేటప్పుడు మూడోది అదే. గ్రీకు లెయ్‌ఖో, సంస్కృత లిహ్, ఇంగ్లీషు వాళ్లు నాకడానికి వాడే లిక్, మూడూ ఒకే పాత మూలం నుంచి విడిపోయిన రూపాలని భాషాశాస్త్రజ్ఞులు చాలాకాలంగా ఒప్పుకున్నదే. ఆ ధాతువు మనకు తియ్యటి మందు పేరైంది, గ్రీకులో దురదపెట్టే జబ్బు పేరైంది.

జబ్బు నుంచి మొక్కల ప్రపంచంలోకి మాట దాటిన ఆనవాలు థియోఫ్రాస్టస్ దగ్గర దొరుకుతుంది. అరిస్టాటిల్ శిష్యుడు, మొక్కల గురించి పెద్ద గ్రంథాలు రాసినవాడు. ఆలివ్ చెట్ల బెరడు మీద పైపైన పెరిగేదానికి అతను ఈ పేరు వాడాడు. సుమారు క్రీస్తుపూర్వం 300 నాటి సంగతి. మరో మూడున్నర శతాబ్దాల తర్వాత డయాస్కోరిడీస్ అనే వైద్యుడు తడి రాళ్లను అంటిపెట్టుకుని పెరిగే లెయ్‌ఖేన్ గురించి రాశాడు. అది రక్తం కారడాన్ని ఆపుతుంది, వాపు తగ్గిస్తుంది, లెయ్‌ఖేన్ అనే చర్మరోగాన్నీ నయం చేస్తుందన్నాడు. ఇప్పుడు చిక్కు వచ్చి పడింది. ఆ మొక్కకు ఆ పేరు వచ్చింది మచ్చలా కనిపించినందుకా, మచ్చను పోగొడుతుందని నమ్మినందుకా? రోమ్‌లో ప్రకృతి విషయాల మీద పెద్ద గ్రంథం రాసిన ప్లినీ రెండో జవాబే చెప్పాడు. ఆ రోగానికి అన్నింటికన్నా మంచి మందు కాబట్టే ఆ పేరు అన్నాడు. అయితే వాళ్లిద్దరూ వర్ణించిన మొక్క ఈనాటి లైకెన్ అయి ఉండదు, తడి రాళ్ల మీద బల్లపరుపుగా పెరిగే లివర్‌వర్ట్ అయి ఉంటుందని చాలామంది వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ప్లినీ కాలానికి ఈ మాట రోమ్‌లో జనానికి వణుకు పుట్టించే మాట. తిబేరియస్ క్లాడియస్ చక్రవర్తి ఏలుబడిలో ఆసియా నుంచి ఒక రోమన్ ఉద్యోగి కొత్త ముఖరోగాన్ని మోసుకొచ్చాడని అతను రాశాడు. గ్రీకువాళ్లు దాన్ని లెయ్‌ఖేన్ అన్నారు. గడ్డం దగ్గర మొదలవుతుంది కాబట్టి రోమన్లు ‘మెంటాగ్రా’ అన్నారు. పెద్ద కుటుంబాల మగవాళ్లు ఒకరినొకరు ముద్దు పెట్టుకుని పలకరించే అలవాటు ఉండేది. ఆ అలవాటు మీదుగానే అది ఇంటింటికీ పాకింది, ఆడవాళ్ల జోలికీ, పేదల జోలికీ రాలేదని ప్లినీ అంటాడు. ఘాటు మందులతో మాంసం కాల్చి నయం చేస్తే, మిగిలిన మచ్చలు రోగం కన్నా అసహ్యంగా ఉండేవట. అంటుకునేది, పాకేది, తినేసేది అనే మూడు లక్షణాలూ ఈ మాటకు అప్పటికే గట్టిగా అతుక్కుపోయాయి. చెట్టు మీది పెచ్చును అదే మాటతో పిలిచిన ప్రతివాళ్లూ తెలియకుండానే దానికీ ఆ లక్షణాలు అంటగట్టారు.

ఇది గ్రీకు, లాటిన్‌లకే పరిమితమైన అలవాటు కాదు. రష్యన్‌లో తామరను ‘లిషాయ్’ అంటారు, లైకెన్‌ను ‘లిషాయ్నిక్’ అంటారు. జర్మన్‌లో ‘ఫ్లెఖ్టె’ అంటే లైకెనూ అవుతుంది, చర్మం మీది పొట్టు మచ్చా అవుతుంది. సోరియాసిస్‌కు జర్మన్లు రోజూ వాడే మాటలో ఇప్పటికీ ఆ ఫ్లెఖ్టె ఉంది. ఐరోపా కళ్లకు ఇది చెట్టుకు వచ్చిన చర్మరోగంగానే కనబడిందన్నమాట.

మన దేశంలో కళ్లు వేరేగా చూశాయి. అమరకోశం వనౌషధి వర్గంలో శైలేయం అనే సుగంధద్రవ్యం ఉంది. శిల మీద పుట్టేది కాబట్టి శైలేయం. దాని పర్యాయపదాల్లో ఒకటి అశ్మపుష్పం, అంటే రాతి పువ్వు. ఆ ఊహే భాషలన్నిటా పాకింది. మరాఠీలో దగడ్ ఫూల్, హిందీలో పత్థర్ కా ఫూల్, కన్నడంలో కల్లు హూవు, తెలుగులో రాతిపువ్వు. తమిళులు కల్పాసి అన్నారు, రాతి పాచి అని. యునానీ హకీములు ఉష్నా అంటారు. అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటే శాస్త్రంలో అస్నియా అనే ఒక లైకెన్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరుగా కూడా స్థిరపడింది. చైనావాళ్ల దారి ఇంకొకటి, వాళ్లు నేలకు తొడిగిన బట్ట అన్నారు. మొలిచిన చోటును ఇది తింటోందన్న ఫిర్యాదు ఈ పేర్లలో ఎక్కడా లేదు.

రాతిపువ్వు చాలామందికి వంటింట్లో పరిచయమే, లైకెన్ అని తెలియకపోవచ్చు గానీ. హైదరాబాద్‌లో బిర్యానీ మసాలా పొట్లం విప్పితే మరాఠీ మొగ్గ, అనాసపువ్వు, జాపత్రి, షాజీరాల మధ్య ఎండి ముడుచుకుపోయిన కాగితపు ముక్కల్లాంటివి కనిపిస్తాయి. ఒకవైపు బూడిద కలిసిన తెలుపు, రెండో వైపు నల్లగా బొగ్గురంగు. వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరుగుతుంది. పచ్చిగా వాసన చూస్తే పాత చెక్కబీరువా తెరిచినట్టు ఉంటుంది, అంతకు మించి ఏమీ అనిపించదు. కాగిన నూనెలో వేశాకే దాని అసలు గుణం బయటపడుతుంది. పొగచూరినట్టు, మట్టి తడిసినట్టు లోతైన వాసనొకటి లేస్తుంది. నిహారీకి, పాయాకు వేసే పొట్లీ మసాలాలో ఇది లేకపోతే ఏదో తగ్గిందని వండే చేతికి వెంటనే తెలిసిపోతుంది. దీని శాస్త్రీయ నామం పార్మోట్రీమా పెర్లాటమ్, అయితే బజారులో అమ్మే పొట్లంలో దాని దగ్గరి బంధువులు కూడా కలిసి ఉంటాయి. పేరులో రాయి ఉన్నా ఇది రాళ్ల మీదనే పెరగాలని లేదు. హిమాలయాల్లో ఓక్ చెట్ల కొమ్మల మీది నుంచి కూడా బస్తాలకొద్దీ ఏరుతారు. చాలా నెమ్మదిగా పెరిగే జీవి కాబట్టి ఒకసారి గీకేసిన కొమ్మ మళ్లీ నిండాలంటే ఏళ్లు పడుతుంది. గరం మసాలాలో చిటికెడు వాడే వస్తువు కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఇంకో లైకెన్‌ను కూడా తెలుగు బడిపిల్లలందరూ చేత్తో పట్టుకున్నారు. ఆమ్లంలో ముంచితే ఎర్రగా, క్షారంలో ముంచితే నీలంగా మారే లిట్మస్ కాగితానికి రంగు సంప్రదాయంగా రోసెల్లా జాతి లైకెన్ల నుంచి తీసేవారు. లిట్మస్ అనే మాట ఉత్తర ఐరోపా పాత భాషలో ‘రంగునాచు’ అనే అర్థమున్న పదం నుంచి వచ్చింది. ఇవే లైకెన్ల నుంచి తీసే రంగు వ్యాపారంతో ఎదిగిన ఫ్లోరెన్స్ కుటుంబం ఒకటి ఆ రంగు పేరునే ఇంటిపేరుగా చేసుకుంది, రుచెల్లాయి అని.

శాస్త్రంలోకి మాట ఎలా వచ్చిందన్నది కొంత త్వరగా చెప్పుకోవచ్చు. 1600 ప్రాంతంలో ఇంగ్లీషులో ఇది మొదట లివర్‌వర్ట్‌కే పేరు, ప్లినీ వల్ల వచ్చిన గందరగోళమే. 1694లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు టూర్నఫోర్ లైకెన్ అనే పేరును ప్రజాతి పేరుగా వాడాడు. 1753లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ తనకు తెలిసిన సుమారు 80 జాతుల్ని ఆ ఒక్క ప్రజాతిలో పోసి శైవలాల పక్కన పడేశాడు. వాటి మీద ఆయనకు పెద్దగా ఆసక్తి ఉన్నట్టు కనిపించదు. ఆయన చివరి శిష్యుల్లో ఒకడైన ఎరిక్ అకేరియస్, స్వీడన్‌లోని వాడ్‌స్టెనాలో వైద్యుడు, ఆ కుప్పను విడదీశాడు. 1803లో వచ్చిన గ్రంథంతో మొదలుపెట్టి లైకెన్లకు ప్రజాతులు ఏర్పరిచాడు, వాటి భాగాలకు పేర్లు పెట్టాడు. థాలస్, అపోథీసియం, సొరీడియం అని ఇప్పటికీ విద్యార్థులు బట్టీపట్టే మాటలు లైకెన్ శాస్త్రంలోకి అలా వచ్చినవే. ఇంత చేసినా లైకెన్ అంటే ఒక మొక్క అనే నమ్మకం మాత్రం అకేరియస్‌కూ, ఆ కాలంలో అందరికీ అలాగే ఉంది.

ఆ నమ్మకాన్ని పగలగొట్టినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్. 1867లో స్విస్ ప్రకృతి శాస్త్రజ్ఞుల సమావేశంలో ఒక మాట అన్నాడు: లైకెన్ అనే మొక్క లేదు, ఉన్నవి రెండు వేర్వేరు జీవులు, ఒకటి శిలీంధ్రం, ఇంకొకటి శైవలం. సూక్ష్మదర్శినిలో కనిపించే ఆకుపచ్చ గుండ్రటి కణాలు లైకెన్ తయారుచేసుకున్న అవయవాలని అప్పటిదాకా అనుకునేవారు. అవి బయట స్వేచ్ఛగా బతికే శైవలాలేనని ఆయన చూపించాడు. 1869లో రాసినదాంట్లో ఈ బంధాన్ని ఆయన వర్ణించిన తీరు చాలామందికి మింగుడుపడలేదు. ఈ సమూహంలో లక్షల ప్రాణులున్నా పెత్తనం ఒక్కటిదే, అది శిలీంధ్రం, ఇతరుల కష్టం మీద బతకడం దానికి అలవాటు. శైవలాలు దాని బానిసలు. సాలీడు ఎరను చుట్టినట్టు వాటిని దారాల్లో బిగిస్తుంది. సాలీడు తన ఎరను పీల్చి చంపేస్తుంది గానీ, శిలీంధ్రం తన ఖైదీలను మరింత చురుగ్గా పనిచేయిస్తుంది, పిల్లల్ని కూడా పెట్టనిస్తుంది. ఆయన మాటల సారాంశం ఇది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఎస్కిలస్ కాలం నుంచి ఈ మాటలో దాగి ఉన్న ‘తినేది’ అనే ఆరోపణ ష్వెండెనర్ దగ్గర కూడా పోలేదు, చోటు మారిందంతే. ఇంతకుముందు లైకెన్ మొత్తం కలిసి చెట్టును తినేది. ఇప్పుడు లైకెన్‌లోని సగం మిగతా సగాన్ని తింటోంది. ఎదురు తిరిగినవాళ్లకు బాధ కలిగించింది కూడా ఈ చిత్రమే. పారిస్‌లో పనిచేసిన ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు విలియం నైలాండర్ ఆ కాలపు లైకెన్ శాస్త్రంలో మహా పెద్ద పేరు. ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో జేమ్స్ క్రాంబీ అనే మతాచార్యుడు దీన్ని లైకెన్ శాస్త్రంలో పుట్టిన సంచలన ప్రేమకథగా కొట్టిపారేశాడు. బందీ అయిన శైవల కన్యకూ, నిరంకుశుడైన శిలీంధ్ర యజమానికీ అసహజమైన పెళ్లి చేస్తున్నారన్నాడు. జీవితమంతా ఒక మొక్కగా ప్రేమించి అధ్యయనం చేసినదాన్ని ‘అలాంటిది లేనే లేదు’ అంటే ఎంత కష్టమో వాళ్ల వైపు నుంచి ఆలోచిస్తే అర్థమవుతుంది. పైగా నైలాండర్ సామాన్యుడేమీ కాదు. పట్టణపు గాలి చెడితే లైకెన్లు మాయమవుతాయని, పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలో ఉన్నన్ని రకాలు నగరంలో మిగతాచోట్ల లేవని 1866లోనే రాసినవాడు ఆయన. బొగ్గుపొగలోని సల్ఫర్ డయాక్సైడ్‌ను కొలవడానికి లైకెన్లను వాడే పద్ధతులన్నిటికీ బీజం అక్కడుంది.

గొడవ నడుస్తుండగానే జర్మనీలో ఇంకో మాట పుట్టింది. లైకెన్లలోని బంధాన్ని పరాన్నజీవనం అనేస్తే ముందే తీర్పు చెప్పినట్టవుతుందని, ఎవరికి లాభం ఎవరికి నష్టం అన్నది పక్కనపెట్టి కలిసి బతకడాన్ని మాత్రమే సూచించే పదం కావాలని ఆల్బర్ట్ ఫ్రాంక్ 1877లో ఒక పదం వాడాడు. మరుసటి ఏడాది కాసెల్ నగరంలో ఇచ్చిన ఉపన్యాసంలో అంటోన్ డి బారీ దాన్ని సింబయోసిస్‌గా ప్రచారంలోకి తెచ్చాడు. తెలుగులో అదే సహజీవనం. పత్రికల్లో ఇప్పుడు సహజీవనం అంటే పెళ్లి లేకుండా ఆడామగా కలిసి ఉండటం, పాఠ్యపుస్తకాల్లో అయితే ఇద్దరికీ లాభమున్న బంధం. డి బారీ చెప్పిన అర్థం ఈ రెండింటి కన్నా విశాలం. వేర్వేరు జాతులు కలిసి బతికితే చాలు, మంచిదా చెడ్డదా అన్నది ఆ మాట చెప్పదు. నిందతో నిండిన పాత పేరున్న జీవిని పరిశీలిస్తూనే, ఏ నిందా లేని మాట ఒకటి కావాలని శాస్త్రానికి తోచింది. లైకెన్ల వల్ల భాషకు జరిగిన అతిపెద్ద మేలు ఇదేనని చెప్పాలి.

చర్మవ్యాధి వైపు కథ కూడా ఆ సంవత్సరాల్లోనే ముడిపడింది. ష్వెండెనర్ తన సాలీడు వర్ణన రాసిన 1869లోనే లండన్‌లో ఎరాస్మస్ విల్సన్ అనే వైద్యుడు లైకెన్ ప్లేనస్‌కు పేరు పెట్టాడు. ప్లేనస్ అంటే చదునైనది. గోకి గోకి చర్మం మందంగా, గీతలు తేలి, తోలులా మారితే దాన్ని లైకెనిఫికేషన్ అంటారు. ఇదీ ఆ పాత గ్రీకు ఆస్తిలోదే. ఒక మాట రెండు వేల ఏళ్లు ప్రయాణించి రెండు శాఖలుగా చీలింది, ఒక శాఖలో ఉన్నవాళ్లకు రెండో శాఖ గుర్తురావడం మానేసింది.

జీవశాస్త్రంలో ఇప్పుడు లైకెన్ అంటే ఏమిటని అడిగితే జవాబు ఒకప్పటి కన్నా కష్టం. నామకరణ నియమాల ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. శైవలానికి దాని సొంత పేరు దానికుంటుంది. పార్మోట్రీమా పెర్లాటమ్ అన్నప్పుడు శాస్త్రపరంగా పిలిచేది బిర్యానీలోని ఆ మొత్తం ముక్కను కాదు, దాని దారాల భాగాన్ని. ప్రపంచంలో సుమారు 20,000 లైకెన్ జాతులున్నాయన్నప్పుడు లెక్కలోకి వచ్చేవి ఆ శిలీంధ్రాలే. వాటితో కాపురం చేసే శైవలాలు, నీలి ఆకుపచ్చ బాక్టీరియాలు చాలా తక్కువ రకాలు, ఒకటే శైవలం ఎన్నో శిలీంధ్రాలతో దొరుకుతుంది. దీని మీద 2016లో ఇంకో చిక్కు వచ్చి చేరింది. టోబీ స్ప్రిబిల్, ఆయన సహచరులు ఉత్తర అమెరికా అడవుల్లో కొమ్మలకు జుట్టులా వేలాడే రెండు బ్రయోరియా లైకెన్లను పరిశీలించారు. ఒకటి గోధుమరంగు, ఇంకొకటి పసుపురంగులో ఉండి విషం తయారుచేసేది. చిత్రం ఏమంటే రెండింటిలోనూ శిలీంధ్రం అదే, శైవలం అదే. తేడా ఎక్కడుందని వెతికితే పై పొరలో మూడో జీవి బయటపడింది. అది ఈస్ట్ రూపంలో ఉండే వేరే తరహా శిలీంధ్రం, పసుపు లైకెన్‌లో ఎక్కువగా, గోధుమరంగు దాంట్లో తక్కువగా ఉంది. అప్పటి నుంచి మరెన్నో లైకెన్లలో ఈస్ట్‌లు కనిపించాయి. బాక్టీరియాలైతే ముందే తెలుసు. మూడో జీవి పాత్ర ఎంత అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది. ‘శైవలం ప్లస్ శిలీంధ్రం’ అనే పాఠ్యపుస్తకపు సూత్రం మాత్రం తప్పు కాకపోయినా చాలదు.

ఇక పేరులోని ఆరోపణ నిజమేనా అన్నది తేల్చాల్సి ఉంది. చెట్టు సంగతి ముందు. వానాకాలం రాకముందు ముసలి మామిడి చెట్టు మొదలు దగ్గర నిలబడి చూస్తే తెల్లటి, బూడిదరంగు, లేత ఆకుపచ్చ మచ్చలు గుండ్రంగా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఒక మచ్చ మీద గుక్కెడు నీళ్లు పోస్తే కాసేపట్లోనే రంగు మారుతుంది, బూడిదరంగు పోయి పచ్చదనం తేలుతుంది. పై పొర తడిసి పారదర్శకంగా మారడంతో కింద ఉన్న శైవలం కనిపించడమే దానికి కారణం. ఆ పచ్చదనమే దాని వంటిల్లు. ఎండ నుంచి, గాలి నుంచి, వాన నుంచి తన తిండి తానే చేసుకుంటుంది. దానికి వేళ్లు లేవు, చెట్టు రసం పీల్చే గొట్టాలు లేవు. చెట్టు దానికి కూర్చునే చోటు మాత్రమే. చర్మరోగం పేరు చెట్టు విషయంలో నూటికి నూరుపాళ్లూ అన్యాయం.

రాతి దగ్గర అంత గట్టిగా చెప్పడానికి లేదు. చాలా లైకెన్ల శిలీంధ్రాలు ఆక్సాలిక్ ఆమ్లం విడుదల చేస్తాయి, అది రాతిలోని ఖనిజాలను నెమ్మదిగా కరిగిస్తుంది. దారాలు సన్నటి పగుళ్లలోకి దూరుతాయి. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు ముడుచుకుని రేణువులను ఊడదీస్తాయి. కొండ మీది బండకు ఇది మట్టి పుట్టే దారి. రాతి గుడి మీది శిల్పానికి మాత్రం నష్టమే, అందుకే పురావస్తు శాఖవాళ్లు వాటిని శుభ్రం చేయిస్తుంటారు. ‘నాకేది’ అనే పేరు ఎక్కడైనా సరిపోయిందంటే అది మనవాళ్లు పువ్వు అని పిలిచిన రాతి దగ్గరే.

ఆకుల మీద ఇంకో మెలిక ఉంది. మామిడి ఆకుల మీద తుప్పురంగు గుండ్రటి మచ్చలు వస్తే రైతులు ఎర్ర తుప్పు తెగులు అంటారు. దానికి కారణం సెఫల్యూరోస్ అనే శైవలం, నిజంగానే ఆకును పట్టి పీడించేది. ఇదే శైవలం ఒక్కోసారి ఒక శిలీంధ్రానికి చిక్కి స్ట్రిగులా అనే లైకెన్‌గా మారుతుంది. కాబట్టి ఆకు మీది తుప్పు మచ్చనూ, మొదలు మీది బూడిద మచ్చనూ ఒకే గాటన కట్టడం పనికిరాదు. మొదటిదానికి మందు అవసరం కావచ్చు. రెండోదానికి అక్కర్లేదు.

తోటల్లో జరిగేది తరచూ దీనికి విరుద్ధంగా ఉంటుంది. కాపు తగ్గిన ముసలి చెట్టు మీద లైకెన్లు దట్టంగా కనిపిస్తే వాటి వల్లనే చెట్టు చిక్కిపోయిందని బెరడును గీకించేస్తారు. జరిగింది తిరగేసి ఉంటుంది. ఏదో కారణాన చెట్టు నీరసించి ఆకు పలచబడింది, కొమ్మల దాకా, మొదలు దాకా ఎండ దిగింది, పెరుగుదల నెమ్మదించి బెరడు రాలడం తగ్గింది. వెలుతురు, కదలని చోటు రెండూ దొరికాయి కాబట్టి లైకెన్లు పెరిగాయి. చూడాల్సింది వేళ్ల దగ్గర నీరు నిలుస్తోందా, ఎరువు అందుతోందా, కాండం తొలిచే పురుగు ఉందా అని. కత్తితో గీకితే లైకెన్‌తో పాటు బెరడు కూడా లేస్తుంది, ఆ గాయాల్లోంచే అసలు తెగుళ్లు లోపలికి దారి చేసుకుంటాయి.